మా ఇంటి కోడళ్లను పడవలా తోస్తారు

మా ఇంట్లో కొత్త కోడలు కుడికాలు పెట్టి లోపలికి రాదు. ఆమెను లోపలికి తోస్తారు.

మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే తోస్తారు. పెళ్లయి వచ్చిన పిల్లను గడప ముందు నిలబెట్టి, మా ఇంటి మనుషులు ఇద్దరు ఆమె వెనక్కి వెళ్లి, ఆమెకు వీపు తిప్పి నిలబడతారు. వాళ్ల వెనక ఇంకో ఇద్దరు, వాళ్లూ అటు తిరిగే. ఒకరు గొంతు చించుకుని కేక వేస్తారు. మిగతావాళ్లు "హైలెస్సా" అంటూ కాళ్లు నేలకు తన్నిపెట్టి వీపులతో ఒక్క నెట్టు నెడతారు. పిల్ల ఇంట్లో పడుతుంది. ఎంత లోపల పడుతుందన్నది ఆమె బరువును బట్టి, ఆ పూట తోసేవాళ్ల హుషారును బట్టి ఉంటుంది. మా అమ్మ తన పెళ్లినాడు గడప దగ్గర బయల్దేరి, నడింట్లో ఆగకుండా పోయి వడ్ల గుమ్మిని వాటేసుకుందట. "గా గుమ్మే లేకుంటె నేను సూర్యాపేటల తేలుదును" అని ఇప్పటికీ అంటుంది.

నకిరేకల్ చుట్టుపక్కల మా చుట్టాలు మా ఇంటి పెళ్లికి భోజనం కోసం వచ్చేవారు కాదు, ఈ తోపుడు చూడ్డానికి వచ్చేవారు. వీపు ఎందుకు తిప్పుతారంటే, పరాయి ఇంటి పిల్లను చేతులతో ముట్టుకోకూడదని, అది మర్యాద అని మా బాపు నలుగురికీ చెప్పేవాడు. అంత మర్యాద తెలిసినవాళ్లు అసలు తొయ్యడం దేనికని అడిగింది నేనే. అప్పుడు నేను ఐదో తరగతి. బాపు తువ్వాల దులుపుకుని లేచిపోయాడు. జవాబు చెప్పింది బాపును కన్నతల్లి, మా అవ్వ.

"పడవను నీళ్లలకు గిట్లనే నూకుతరు బిడ్డా. కోడలు సుత పడవే. నూకకుంటె ఇసుకలనే ఉంటది, తేలది."

నకిరేకల్‌లో నిమ్మకాయల మార్కెట్టుంది, హైవే ఉంది, హైవే మీద పొద్దంతా లారీలున్నాయి. పడవ మాత్రం లేదు. మేము చూసిన పెద్ద నీళ్లంటే మూసీ కాలువ, అదీ వదిలినప్పుడే. ఈ ఊళ్లో కూర్చుని మా అవ్వ సముద్రం గురించి చెప్పేది. తన చిన్నప్పుడు బస్సంత చేప ఒడ్డుకు వచ్చిందట. తండ్రి దాని మీదికెక్కి నిలబడి బల్లెంతో ఒక్క పోటు పొడిచాడట. వాళ్ల ఊళ్లో మగవాళ్లంతా తిమింగలాలను కొట్టేవాళ్లేనట. "ఏ సముద్రం అవ్వా?" అంటే "అన్ని సముద్రాలు ఒక్కటే" అనేది. ఊరి పేరు అడిగితే మూతి బిగించేది. ఊళ్లో ఆమెకు తిమింగలమవ్వ అని పేరు పడింది. కూరగాయలమ్మే మనిషి కూడా "తిమింగలమవ్వా, ఇయ్యాల సొరకాయలున్నయి" అని కేకేసేవాడు.

మాకు తెలిసినంతలో కథ ఇంతే. యుద్ధం రోజుల్లో అవ్వ తండ్రి, భార్యను, ఆరేళ్ల అవ్వను, ఒక రేకు డబ్బాను వెంటబెట్టుకుని ఎక్కడి నుంచో నడుస్తూ నకిరేకల్ చేరాడు. ఒక ఆసామి మోటబావి దగ్గర జీతానికి కుదిరాడు. ఎక్కడివాడివని అడిగితే "తూర్పు నుంచి" అనేవాడు. అవ్వ ఒక్కతే బిడ్డ కాబట్టి అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకున్నాడు. కోడళ్లను తొయ్యడం ఆయన పెట్టిన ఆచారమే. ఊరి పేరెత్తనని కూతురి చేత ఒట్టేయించుకుని మరీ పోయాడట. తూర్పంటే సూర్యాపేట అవతల ఎక్కడో అని బాపు నమ్మకం. నమ్మకం ఏమిటి, ఆయనకు అలా ఉంటేనే బాగుండేది.

ఎందుకంటే మా బాపు తెలంగాణ ఉద్యమంలో గొంతు అరిగిపోయేలా తిరిగిన మనిషి. నిమ్మతోటకు నీళ్లు పెట్టడం మర్చిపోయేవాడు గాని రాస్తారోకో మర్చిపోయేవాడు కాదు. హైవే మీద వంటావార్పు పెట్టిన రోజున పప్పు కలిపే పెద్ద గరిటె ఇంకెవరికీ ఇవ్వలేదు. రాష్ట్రం వచ్చిన రోజు మా వాకిట్లో ఆయన దోస్తులంతా కుర్చీలేసుకుని కూర్చున్నారు. బాపు ఒక్కొక్కరి నోట్లో లడ్డూ పెడుతూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేను చాయ్ గ్లాసులు అందిస్తున్నాను. నా కాళ్లూ నేల మీద నిలవడం లేదు.

సరిగ్గా అప్పుడు మంచం మీద నుంచి అవ్వ అంది. "ఇగ రాష్ట్రం వచ్చింది గద కొడుకా. ఇప్పుడన్న నన్ను మా ఊరికి తీస్కపో."

"మీ ఊరేందే? నువ్వు పుట్టింది గీడనే గద!"

"నువ్వు పుట్టినవ్ గీడ. నేను పుట్టింది విశాఖపట్నం కాడ, సముద్రం ఒడ్డుకు. మొదలు మా నాయిన కోసం చెప్పలె. మల్ల నీ కొట్లాట కోసం చెప్పలె. ఇగ చెప్త."

బాపు చేతిలో లడ్డూ సగం దూరంలో ఉండిపోయింది. దాని కోసం నోరు తెరిచిన దోస్తే మొదట మాట్లాడాడు. "అన్నా, అయితే నువ్వు గీ ఉద్యమానికి కిరాయికి వచ్చినవన్నట్టు!" ఇక చూడండి. కుర్చీల మీద నుంచి జారిపడి నవ్వారు. ఒకాయన బాపుకు తడి తువ్వాల కప్పి, చేప ఎండిపోతోందన్నాడు. నాకూ పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది గాని బాపు ముఖం చూసి గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను.

బాపుకు తల కొట్టేసినట్టయింది. "ముసల్దానికి మతి లేదు. చిన్నప్పటి సంది గదే తిమింగలం, గవే కోతలు. ఒక్క ముక్క నిజం లేదు" అని అందరి ముందూ అరిచాడు. అవ్వ మంచం దిగి లోపలికి వచ్చింది. కిటికీలోంచి అంతా విన్న నన్ను చూసింది. అప్పుడు నాకు నవ్వు పోయింది. ఎనభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషిని కన్నకొడుకే నలుగురిలో అబద్ధాలకోరును చేస్తే ఎట్లా ఉంటుందో ఆ ముఖంలో కనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె బాపుతో మాట్లాడలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, అన్ని మాటలూ మా మీదుగా పంపేవారు. నేను నల్గొండలో కాపురం ఉంటూ బడిలో సోషల్ చెప్తాను. ఆదివారం ఇంటికి పోతే పంచాయతీ అంతా నా నెత్తి మీదే. "మీ బాపుకు చెప్పు, కూరల ఉప్పెక్కువైందని" అనేది అవ్వ, బాపు పక్కనే కూర్చుని అన్నం తింటుంటే. "మీ అవ్వకు చెప్పు, కూర నేను వండలేదని" అనేవాడు ఆయన. పక్కింటివాళ్లకు ఇది సీరియల్ కంటే బాగా నడిచింది. కాని ఎవరొచ్చినా అవ్వ ఒకే మాట చెప్పుకునేది. "నేను కండ్లతోని చూసిన. చచ్చేలోపట ఒక్కలన్న నిజమంటె చాలు."

రాష్ట్రం వచ్చిన రెండో ఎండాకాలంలో తమ్ముడికి జడ్చర్ల పిల్లతో సంబంధం కుదిరింది. వరపూజ నాడు పిల్ల తండ్రి గొంతు సవరించుకుని, "మీ ఇంట్ల కోడలిని నూకుతరంట గదా?" అని అడిగాడు. బాపు ఇదే అదననుకున్నాడు. "పాత ముచ్చట బావా. బంద్ చేసినం."

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "అడుగే మీ బాపును. ఎవలు బంద్ చేసిన్రో!"

చుట్టాల ముందు గొడవెందుకని అప్పటికి ఊరుకున్నారు. వాళ్లు పోయాక నేను మధ్యలో నిలబడి బేరం నడిపాను. బాపు అన్నాడు, "నూకుడు సముద్రం కాడిది అంటది గద మీ అవ్వ. పోదాం. గా ఊళ్లె ఒక్క మనిషన్న గీమె చెప్పింది నిజమంటె, పెండ్లినాడు నేనే కేకేసి నూకిపిస్త. లేకుంటె ఇగ మన ఇంట్ల నూకుడు బంద్, తిమింగలం బంద్." నేను అవ్వ వైపు తిరిగేలోపే ఆమె చెప్పులు వేసుకుంటోంది. బండి మర్నాటికని చెప్పి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అంతలో జడ్చర్ల నుంచి పెళ్లికూతురు మా తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు స్పీకర్ పెట్టాడు. "నన్ను నూకుతరని దోస్తులందరికి చెప్పుకున్న. వీడియో తీస్తరంట వాళ్లు. ఇప్పుడు బంద్ అంటె నా ఇజ్జత్ ఏం గావాలె?" అని నిలదీసింది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

నల్గొండలో బండెక్కాం, అవ్వ, బాపు, నేను. బాపు పెద్ద క్యానుతో నీళ్లు, వారానికి సరిపడా జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టించుకున్నాడు. అక్కడివాళ్లు మనకు నీళ్లు కూడా పోయరని ఆయన భయం. "ఎవలన్న అడిగితె హైదరాబాదు అనాలె. నేను ఉద్యమంల తిరిగినట్టు చెప్పొద్దు" అని నాకు పదిసార్లు చెప్పాడు. గుంటూరు దాటాక ఎదుటి సీటాయన "ఎక్కడి నుంచండీ?" అని అడిగాడు. బాపు "హైదరాబాదు" అనడం, అవ్వ "నకిరేకల్! గీయన ఉద్యమంల ముంగటుండి కొట్లాడిండు. నేను మాత్రం మీ దిక్కే పుట్టిన" అనడం ఒక్కసారే జరిగాయి. నేను కళ్లు మూసుకున్నాను. ఎదుటాయన సంచిలోంచి కాజాల పొట్లం తీసి ముగ్గురికీ పంచాడు. "మీరు కొట్లాడారు, మేమూ కొట్లాడాం, తినండి" అన్నాడు. బాపు రెండు తిన్నాడు. ఆ తర్వాత రొట్టెల మూట విప్పి ఆయనకూ పెట్టాడు.

నాకు ఒళ్లంతా పండగలా ఉంది. ఏళ్ల తరబడి పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధం చెప్తున్నాను. విశాఖ మీద బాంబులు పడ్డాయన్న ముక్క రాగానే గంట కొట్టేస్తారు, నేనూ పుస్తకం మూసేస్తాను. ఆ ముక్కలోంచి పరుగెత్తిన ఒక ఆరేళ్ల పిల్ల ఇప్పుడు నా భుజం మీద తల పెట్టి గురక పెడుతోంది. లేపి, నువ్వు మా పాఠంలో ఉన్నావే అవ్వా అని చెప్పాలనిపించింది.

విశాఖలో దిగి భీమిలి దారిలో ఆటో మాట్లాడుకున్నాం. వాళ్ల జాలరి పేట పేరేమిటో అవ్వకు గుర్తులేదు, ఆమె దగ్గరున్న ఆనవాళ్లు రెండే. వాళ్ల పేట నుంచి ఎర్రమట్టి దిబ్బలు కనిపించేవి. మగవాళ్లు తిమింగలాలను కొట్టేవారు. ఒక మలుపు తిరగ్గానే సముద్రం కనిపించింది. అవ్వ ఆటో ఆపించి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, నేను పట్టుకునేలోపే నీళ్లలో నిలబడింది. కాసేపు అటూ ఇటూ చూసింది. "ఏందే, గింత చిన్నగైనవ్?" అని సముద్రాన్నే అడిగింది. "నా చిన్నప్పుడు ఇంకా పెద్దగ ఉండె. ఏడికి పోయినయి నీళ్లన్ని?"

బాపు ఒడ్డునే నిలబడ్డాడు. ఆయన సముద్రం చూడడం అదే మొదటిసారి. నోరు తెరుచుకుని చూస్తూ, ఎవరూ వినడం లేదనుకుని "అబ్బా" అన్నాడు. వెంటనే నా వైపు తిరిగి, "నిమ్మతోటకు పనికిరాదు, ఉప్పు నీళ్లు" అన్నాడు.

మొదటి పేటలో మగవాళ్లు నీడన కూర్చుని వలలు కుట్టుకుంటున్నారు. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, "మీ తాతలు తిమింగలాలు కొట్టిన్రు గదా?" అని అడిగేసింది. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. తర్వాత ఒకటే నవ్వు.

"తిమింగలాన్ని కొట్టడమేటి మామ్మా! అది మాకు దేవుడితో సమానం. సముద్రంలో ఎదురొస్తే దణ్ణమెట్టి పడవ తిప్పేస్తాం."

"మీరు కాదు. మీ తాతలు."

"మా తాతలకీ బుర్రలున్నాయి మామ్మా. ఈ ఒడ్డున ఆ పని ఎవలూ సెయ్యనేదు."

రెండో పేటలోనూ అదే నవ్వు, అదే జవాబు. బాపుకు హుషారు ఆగలేదు. దారిలో కొబ్బరి బోండాలు కొట్టించి మాకూ, ఆటో అతనికీ, పక్కన ఊరికే నిలబడ్డ మనిషికీ ఇప్పించాడు. "మీ అవ్వను అడుగు, ఇంకో బోండం తాగుతదా అని" అన్నాడు. అవ్వ ఆటోలో సముద్రం కనిపించని వైపుకు జరిగి కూర్చుంది. అంతసేపూ గాల్లో తేలుతున్న నేను నేల మీద పడ్డాను. బాపు మీద ఒళ్లు మండింది. ఇంటికి పోదామని నేనే అనబోయాను. ఇంకొక్క పేట ఉందని ఆటో అతను అన్నాడు గనక సరే అన్నాను.

మూడో పేట చేరేసరికి పొద్దు వాలుతోంది. కుర్రాళ్లు కొంతమంది ఒక పెద్ద పడవను నీళ్లలోకి దించుతున్నారు. అది ఇసుకలో కూరుకుపోయి కదలడం లేదు. ఇస్త్రీ తెల్లచొక్కాలో నిలబడ్డ మా బాపును చూసి ఒకడు "ఓ బాబూ, మీరూ ఓ సెయ్యెయ్యండి" అని కేకేశాడు. మా బాపుకు ఒక బలహీనత ఉంది, పదిమంది కలిసి చేసే పనికి ఎవరు పిలిచినా కాదనలేడు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి పోయాడు.

కుర్రాళ్లంతా పడవకు చేతులు ఆనించి, వంగి తోస్తున్నారు. బాపు వెళ్లి, ఎవరూ చెప్పకుండానే, పడవకు వీపు తిప్పాడు. వెల్లకిలా వాలి, మడమలు ఇసుకలో దిగేసి, "హైలెస్సా!" అని నకిరేకల్ చౌరస్తాలో నినాదం ఇచ్చినట్టు అరిచాడు. పడవ కదిలింది. కుర్రాళ్లకు హుషారొచ్చి వాళ్లూ అందుకున్నారు. ఇంకో కేక, ఇంకో నెట్టు. పడవ నీళ్లలోకి జారేసరికి బాపు ఆనుకున్నది కాస్తా లేకుండా పోయి, ఇస్త్రీ చొక్కాతో సహా అలల్లో వెల్లకిలా పడ్డాడు. నేను ఇసుకలో కూలబడి నవ్వుతున్నాను. ఏ వైపు చూసినా నవ్వే.

ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలుతున్న ఒక ముసలామె మాత్రం నవ్వలేదు. మా అవ్వ కంటే పెద్దది, తొంభై దగ్గరుంటాయి. కర్ర పట్టుకుని నీళ్ల దాకా నడిచి వచ్చి, లేస్తున్న బాపు ముందు నిలబడింది.

"ఈపుతో తొయ్యడం నీకెవలు నేర్పారు బాబూ? ఈ సుట్టుపక్కల మా పేట పాతోళ్లే అలా తోసీవోరు. ఇప్పుడు మా మనవలకే రాదు."

బాపు నోట్లోంచి ఉప్పునీళ్లు ఉమ్మి, ఆయాసపడుతూ చెప్పాడు. "నేర్పుడేందమ్మా, మా ఇంట్ల కోడండ్లను గిట్లనే నూకుతం."

తానేమన్నాడో ఆయనకే కాసేపటికి అర్థమైంది. నా వైపు చూశాడు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ ఆటో దిగి ఇసుకలో దాదాపు పరుగెత్తుతూ వస్తోంది. "చెప్పు! చెప్పు మీ బాపుకు! ఏం చెప్పిన నేను!"

ముసలామె ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "ఏ ఇంటి గుంటవి, ఎవలి కూతురివి?"

"మా నాయినకు ఎడమ చెవు సగమే ఉండె. గాలం తగిలి తెగింది."

ముసలామె కర్ర వదిలేసి మా అవ్వ రెండు భుజాలూ పట్టుకుంది. "ఓలమ్మా! నూనె పట్టుకుపోయినోడి గుంటవా!" అంది. ఆ వెంటనే, ఇంకా గట్టిగా, "నూనేదీ?" అని అడిగింది.

ఆ ఇసుక మీదే కూర్చోబెట్టి ఆమె చెప్పింది. యుద్ధం జరుగుతున్న ఏడాది చలికాలంలో ఒక తిమింగలం చచ్చి ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. పేటంతా పసుపు నీళ్లు చల్లి, దణ్ణం పెట్టి, ఆ తర్వాత దాని కొవ్వు కాచి నూనె తీశారు. ఎండల్లో చెక్క పగలకుండా పడవలకు పూసుకోవడానికి ఒక డబ్బాడు దాచారు, మొత్తం పేటకు. ఎండాకాలం రాగానే పట్నం మీద బాంబులు పడ్డాయి. ఊరు ఊరంతా చెల్లాచెదురుగా పారిపోయింది. పోతూ పోతూ పేట పెద్దలు ఆ డబ్బాను మా ముత్తాత నెత్తిన పెట్టి, ఎటు పోయినా నూనె జాగ్రత్త అన్నారు. మిగతావాళ్లు దగ్గర ఊళ్లలో తలదాచుకుని, గొడవ సద్దుమణిగాక తిరిగి వచ్చేశారు. ఆయన ఒక్కడు రాలేదు.

"ఎవడో మా నాయినకు చెప్పిండు, ఇంగిలీషోని మీద ఏస్తరు గాని నవాబు మీద బాంబులెయ్యరని" అంది అవ్వ. "గందుకే నిజాం రాజ్యంలకు తీస్కపోయిండు మమ్ముల."

"నూనె జాగ్రత్త అన్నాం గాని, అంత దూరం జాగ్రత్త సెయ్యమన్నామేటే!" అని ముసలామె నుదురు కొట్టుకుంది. చుట్టూ మూగిన పేటంతా ఘొల్లుమంది. నకిరేకల్ బండల మీదికి పడవ నూనె మోసుకుపోయిన మనిషిని ఊహించుకుని నాకు కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వు వచ్చింది. మా వంశం తెలివి అంతా ఆ డబ్బాలోనే ఉంది.

అవ్వ మాత్రం నవ్వడం ఆపేసింది. "డబ్బ పగిలింది" అంది మెల్లగా. "మొదటి ఎండాకాలమే తుప్పు వట్టి, కొట్టంల పగిలింది. నూనంత మట్టిల ఇంకింది. మా నాయిన గా మట్టి కాడ కూసోని పొద్దంత ఏడ్శిండు. డబ్బ కోసం గింత ఏడ్సుడేందని నేను నవ్విన." ముసలామె ముఖంలోకి చూసి అడిగింది. "గందుకేనా ఆయన రాలె? మీరు అడుగుతరనేనా?"

ముసలామె చాలాసేపు ఆమె చెయ్యి నిమిరింది. "ఓసి పిచ్చిగుంటా. నూనె పోతే పోయింది. వేపనూనె పూసుకున్నాం ఆ ఏడు. మనిషి రానేదనే ఏడ్చాం. మీ అయ్య పడవని ఎవలూ ముట్టుకోనేదు. వత్తాడు వత్తాడని మా నాన్న ఏటా దానికీ నూనె పూసీవోడు. ఆఖరికి తుఫానొచ్చి పట్టుకుపోయింది."

అక్కడ నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. బాపు తడి చొక్కా పిండుకుంటూ అటు తిరిగి చాలాసేపు పిండాడు.

తర్వాత ఆయన అసలు ప్రశ్న అడిగాడు, ఎంతైనా పందెం పందెమే. "మా తాత తిమింగలాన్ని పొడిచిండా మల్ల?"

"పొడవడమేటి బాబూ, అది సచ్చే ఒచ్చింది కదా. మీదికెక్కింది మాత్రం మీ తాతే. కొవ్వు కొయ్యడానికెక్కాడు, కత్తట్టుకుని."

"ఎక్కిండా!" అని అవ్వ చప్పట్లు కొట్టింది. "ఎక్కిండా లేదా, అడుగు మీ బాపును! గాని చచ్చి లేదది. నేను చూసినప్పుడు బతికే ఉండె. తోక ఊపింది."

"అల ఊపిందే తోకని!"

"నువ్వు చూసినవా?"

"నీకంటే పెద్దదాన్ని, నాను సూడనేదా!"

ఆ ఇద్దరు ముసలివాళ్లూ తిమింగలం చచ్చిందా బతికుందా అని చీకటి పడేదాకా పోట్లాడుకున్నారు, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా. మాకు చేపల పులుసుతో అన్నం పెట్టారు. బాపు మూడుసార్లు వడ్డించుకున్నాడు. క్యానులో నకిరేకల్ నీళ్లు అట్లాగే ఉండిపోయాయి.

తిరుగు ప్రయాణంలో బాపు తీర్పు చెప్పాడు. "ఊరు నిజం, నూకుడు నిజం, చేప నిజం. పోటు అబద్ధం. మీ అవ్వకు చెప్పు, నూకుడు ఉంటదని. పోటు ముచ్చట మాత్రం ఇగ చెప్పొద్దని." అవ్వ కిటికీ వైపు తిరిగింది. ఆమెకు కావలసింది మూడొంతుల నిజం కాదని నాకు తెలుసు. బాపుకూ తెలుసనుకుంటాను.

పెళ్లికి ఆ పేట నుంచి ఓ గుంపు దిగింది. ముసలామె ప్రయాణం చెయ్యలేక, మనవళ్లతో ఎండుచేపల బుట్ట, ఒక చిన్న సీసాలో నూనె పంపించింది. బాపు ఉద్యమం దోస్తులు వాళ్లను కావిలించుకుని, కుర్చీలు వేసి, పలావు మీద పలావు వడ్డించారు. గడప దగ్గర బాపు మాట తప్పలేదు, తానే ముందు నిలబడి కేక అందుకున్నాడు. సముద్రం మనుషులూ నకిరేకల్ మనుషులూ కలిసి వీపులు ఆనించారు. జడ్చర్ల పిల్ల పమిట బిగించి, దోస్తుల ఫోన్ల వైపు చెయ్యి ఊపి, "కానీయుండ్రి!" అంది. నడింటిని దాటింది, వంటింటిని దాటింది, వెనక దొడ్లో గచ్చు మీద ఆగి గెలిచినట్టు రెండు చేతులూ పైకెత్తింది. మా అమ్మ రికార్డు పోయింది. అందరికంటే గట్టిగా ఈల వేసింది మా అమ్మే.

బంతిలో కూర్చున్నాక పిల్ల తండ్రి, ఈ నూకుడు ఎక్కడిదని అవ్వనే అడిగాడు. అవ్వ మొదలుపెట్టింది. సముద్రం, ఒడ్డు, బస్సంత చేప. వాకిలి వాకిలంతా చెవులు రిక్కించింది. "మా నాయిన దాని మీదికెక్కిండు. బల్లెమెత్తిండు. అది తోక ఊపి మీదికి లేశింది. ఒక్కటే పోటు!"

పిల్ల తండ్రికి నమ్మకం కుదరలేదు. చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని బాపు వైపు తిరిగాడు. "నిజమేనా బావా?"

అవ్వ తల వంచుకుని పళ్లెం అంచు తుడవసాగింది. ఆ వాకిట్లోనే, ఆ దోస్తుల ముందే, రెండేళ్ల కిందట ఆయన అన్న మాట నా చెవుల్లో తిరిగింది. సముద్రం వైపు వాళ్లంతా దూరంగా వేరే బంతిలో ఉన్నారు. కాదనడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. నేను చారు గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

"నిజమే బావా" అన్నాడు బాపు, అందరికీ వినపడేలా. "మేం పోయి అడిగి అర్సుకొని వచ్చినం. ఒక్కటే పోటు. దాని కన్నే గీ పళ్లెమంత ఉండెనంట."

"పళ్లెమేంది కొడుకా" అంది అవ్వ. "చాటంత."